పెండ్లి మంచంలో మీసాల పురుగు

మంచి పెసలు వద్దు, పుచ్చినవి ఉంటే ఇవ్వమని మా దుకాణానికి వచ్చి అడిగిన మనిషిని నా బతుకులో ఒక్కరినే చూశాను.

వరంగల్ బజారులో మాది పప్పుల దుకాణం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. గల్లాపెట్టె ముందు మా నాయన కూర్చునేవాడు. ఆయన వెనుక పెసల బస్తాకు ఆనుకుని నేను. మెట్రిక్ తప్పాను కాబట్టి తప్పనిసరిగా అక్కడ కూర్చోవలసి వచ్చింది. ఒకరోజు పొద్దున, ఇంకా బోణీ కాలేదు. పాత కోటు వేసుకుని, పైన ఖాకీ టోపీ పెట్టుకున్న ముసలాయన వచ్చి నిలబడ్డాడు.

"సేటూ, పురుగు వట్టిన పెసలున్నయా?"

మా నాయన ముఖం మాడిపోయింది. "మా దుకాణంల పురుగా? బోణీ యాళ్ల ఇదేం మాట సాబ్?"

"కోపం జెయ్యకు. నాకు పెసలతోని పని లేదు, పురుగుతోనే పని."

మా నాయనకు పరువు ముఖ్యం, ఆయనకు పురుగు ముఖ్యం. "దేవుని సాక్షి, మా కాడ ఒక్కటి లేదు" అని నాయన అంటూ ఉండగానే, నేను ఆనుకున్న బస్తా మీది నుంచి ఒకటి తాపీగా నడుచుకుంటూ వచ్చి గల్లాపెట్టె ఎక్కింది. ముసలాయన దాన్ని వేలి మీదికి ఎక్కించుకుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "పిలువంగనే వచ్చె" అన్నాడు సంతోషంగా.

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నాయన చూసిన చూపుకు ఆ నవ్వు బస్తాలోకి దూరిపోయింది. కానీ ఆ సాయంత్రమే సైకిలెక్కి హన్మకొండలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. పురుగును అంత గౌరవంగా పలకరించే మనిషి, మెట్రిక్ తప్పినవాణ్ణి కూడా బాగానే చూస్తాడని నా ఆశ.

ఆయన అడవి ఖాతాలో, అంటే అటవీ శాఖలో, రేంజరు చేసి పింఛనుకు దిగిపోయినాయన. నౌకరీ అంతా ఏటూరునాగారం అడవుల్లోనే గడిచింది. చర్చి వెనుక చిన్న పెంకుటిల్లు, ఒక్కడే కాపురం. భార్య చనిపోయింది. కోటుకు ఒక జేబులో బైబిలు, ఇంకో జేబులో అగ్గిపెట్టెలు. అగ్గిపెట్టెల్లో పుల్లలు మాత్రం ఉండేవి కావు.

ఇంటినిండా చెక్కపెట్టెలు. ఒక్కొక్క పెట్టెలో సూదులకు గుచ్చిన పెంకుపురుగులు, వరుసలు తీరి, స్కూల్లో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉండేవి. సూది ఎప్పుడూ కుడి పెంకుకే గుచ్చాలని ఆయన మొదటి రోజే చెప్పాడు. ఎడమది ముట్టకూడదు. ఎందుకని అడిగాను.

"అందరు కుడికే గుచ్చుతరు గన్క. ఈ పురుగులోళ్లు దునియా మొత్తంల ఒక్క మాట మీదుండేది గీ ఒక్క కాడనే."

సూదికి కింద ఒక చీటీ ఉంటుంది. ఏ ఊరు, ఏ నాడు, ఎవరు పట్టారు. చీటీ లేకుంటే అది ఉత్త చచ్చిన పురుగు, చీటీ ఉంటే సాక్షి అనేవాడు. పేర్ల సంగతీ ఆయనే చెప్పాడు. ప్రతి పురుగుకూ ఇంటిపేరు ఒకటి, సొంత పేరు ఒకటి ఉంటాయట. ఇంటిపేరు ముందు, పేరు వెనుక. "అచ్చం మన లెక్కనే. ఇంగ్లీషోళ్లే ఉల్టా" అని నవ్వాడు. నాకు ఆ శాస్త్రం మీద ఒక్కసారిగా బంధుప్రీతి కలిగింది.

ఒక పెట్టె మాత్రం వేరుగా, తలగడ పక్కన ఉండేది. నాలుగైదు సార్లు పోయాక గాని తెరవలేదు. లోపల ఒకే ఒక్క పురుగు. చిటికెన వేలంత పొడుగు, ముదురు బెల్లం రంగు, పెంకుల మీద బూడిద చారలు, పొట్టి మీసాలు. ఏటూరునాగారం డిపోలో కొట్టి పడేసిన మద్ది దుంగ మీద దొరికిందట. ఆయన పుస్తకాల్లో ఎక్కడా లేదు. కలకత్తాలో మ్యూజియం పెద్దమనిషికి పంపి చూపించాడు. కొత్తదే కావచ్చు గాని ఒక్కదాన్ని చూసి చెప్పలేం, ఇంకొకటి తెమ్మని తిప్పి పంపారు.

"ఒక్కటే అయితె అవిటిదో, రోగం దాకిందో ఎవలకెరుక? రెండుంటె జాతి. నౌకరి దిగిపొయ్యే దాక ఎతికిన, దొరుకలే. ఇప్పుడు కండ్లల్ల మోతిబిందు దిగి పొర కమ్ముతాంది. కండ్లుండంగ ఇంకొకటి చూడాలె బిడ్డా."

"దొరికితే మీ పేరు పెడతారా సాబ్?"

"ఛీ, పట్టినోడే తన పేరు పెట్టుకుంటె ఏం మర్యాద?" అని ఆయన పెట్టె మూల నుంచి ఇంకో చీటీ తీశాడు. నల్లసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఎప్పుడో రాసి పెట్టుకున్న పేరు. చివర లాటిను తోక తగిలించినా అది తెలుగు ఆడపేరేనని నాకు తెలిసింది. వాళ్లావిడ పేరు.

ఆమెకు పురుగులంటే గిట్టేది కాదట. అడవి క్వార్టర్లో ఉప్పు డబ్బా తెరిస్తే పురుగు, దిండు కింద పురుగు. "నేను నిన్ను చేసుకోలే, నీ పురుగులను చేసుకున్న" అనేదట.

"మరి పురుగుకు తన పేరు పెడితే కోప్పడదా?"

"కోప్పడుతది" అన్నాడాయన, పెట్టె మూస్తూ. "ఒక్కపారి ఇనాలనున్నది."

ఆ ఏడే నాకు పెండ్లి చేశారు. పెండ్లికొడుకును గనుక మీసం ఉండాలని నా కోరిక. అది వస్తున్నా వస్తున్నానని కబురు పంపిందే తప్ప వచ్చింది లేదు. అమ్మాయిది హసన్‌పర్తి. పెండ్లి మంచం మా నాయనే చేయించాడు. టేకంతా లడాయికి పోతున్నదని బజారులో అందరూ చెప్పుకునే కాలం. ఆయన బేరమాడి మద్ది కర్ర తెచ్చాడు. పట్టెలు, కోళ్లు, దోమతెర కట్టడానికి నాలుగు గుంజలు. చూడ్డానికి దర్జాగానే ఉండేది.

ఆ మంచం మీద మేమిద్దరం రెండు వేరు జాతుల జీవుల్లా కొన్నాళ్లు గడిపాం. ఆమె మాట్లాడదు. నాకు మాట రాదు. మా మధ్య మాట్లాడింది మంచమే. తలవైపు గుంజలోంచి కర్... కర్... కర్... అని. మంచం కింద బియ్యప్పిండి లాంటి పొడి కుప్ప పడేది.

మా అమ్మ ఊడ్చీ ఊడ్చీ విసిగిపోయింది. "పురుగు వట్టిందిరా. బెజ్జంల ఇంత గాసునూనె పొయ్యి, సస్తది."

నేను ఆ కిరసనాయిలు సీసాకు పోకుండా రేంజరు సాబ్ కోసం పోయాను. ఆయన పట్టపగలు టాంగా దిగి, చెప్పులు విడిచి, టోపీ తీసి, మా పడకటింట్లో మోకాళ్ల మీద కూర్చుని, గుంజకు చెవి ఆనించాడు. కొత్తకోడలి మంచానికి చెవి పెట్టిన పరాయి ముసలాయనను చూసి మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన పొడిని వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు.

"ఏ ఊరి కర్ర?"

"ఏటూరునాగారం దిక్కుకెల్లి వచ్చిందన్నరు" అన్నాను.

ఆయన లేవలేదు. అలాగే మోకాళ్ల మీదనే మా అమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, గాసునూనె పొయ్యకు. ఒక్క వానకాలం దాక ఆగు. దండం పెడుత."

"మరి నా కోడలు అందాక కింద పండాలెనా అన్నా?"

"కిందెందుకు, పైననే పండుమను. వాడు కర్రను తింటడు గని మనుషులను తింటడా?"

తలుపు వెనుక కిసుక్కున నవ్వు వినిపించింది. మా ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదలు. ఆ పూట నుంచి మాకు మాట కలిసింది. "ఇయ్యాల తింటలేదు" అనేది ఆమె, గుంజకు చెవి పెట్టి. "నిద్రపోయినట్టున్నది" అనేవాణ్ణి. వేరే మొగుళ్లు పెండ్లాలతో ఏం మాట్లాడతారో నాకు తెలియదు. మేం మాట్లాడుకున్నది పురుగు గురించే. అమ్మ మాత్రం సీసా దాచలేదు. "అన్న మొకం జూసి ఆగిన" అనేది, సీసాను కంటికి కనిపించేలా గూట్లో పెట్టి.

అంతలో మా ఆవిడ నెల తప్పింది. నేను మెట్రిక్ తప్పినప్పుడు ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఈమె తప్పితే బెల్లం పంచారు. తప్పుల్లోనూ తేడాలుంటాయి.

ఆ రోజే అమ్మ గూట్లోంచి సీసా తీసి వంటింట్లోకి పంపేసింది. కోడలు కడుపుతో ఉన్నప్పుడు ఆ ఇంటి మగవాడు ప్రాణం తీయకూడదు, తీయనివ్వకూడదు. అది మా ఇంటి పట్టింపు. పామొచ్చినా పొమ్మని దారి చూపించాలి. దుకాణంలో బియ్యం పురుగులను కూడా నాయన ఎండలో పోసి వాటంతట అవే నడిచిపోయేదాకా కాపలా కూర్చున్నాడు. మంచంలోని పురుగుకు ఆ విధంగా క్షమాభిక్ష దొరికింది. రేంజరు సాబ్ కబురు విని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు. ఆ పట్టింపు రెండు వైపులా కోసుకుపోతుందని మాలో ఎవరికీ తట్టలేదు.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం మా ఆవిడ కేక వేసింది. గుంజకు కొత్త బెజ్జం, అందులోంచి ఒక తల. అమ్మ పిండి జల్లెడ తెచ్చి మూసింది. నేను సైకిలు మీద హన్మకొండకు ఎగిరిపోయాను.

రేంజరు సాబ్ వచ్చి జల్లెడ ఎత్తి, భూతద్దం పెట్టి చూశాడు. ముదురు బెల్లం రంగు. బూడిద చారలు. పొట్టి మీసాలు. భూతద్దం నా చేతికిచ్చి పట్టుకోమని, ఇంకా దగ్గరికి వంగాడు. "అదే" అన్నాడు. తర్వాత కోటు జేబులోంచి బిరడా సీసా తీశాడు.

"అదేంది అన్నా?" అన్నది అమ్మ.

"మందు సీసా చెల్లె. గడియల పానం పోతది, నొప్పుండది."

అమ్మ జల్లెడను లాక్కుని మళ్లీ మూసింది. "ఇంట్ల కడుపుతోనున్న పిల్ల ఉన్నది. ఈడ సంపుడు లేదు."

"ఈడొద్దు. నా ఇంటికి తీస్కపోత."

"మా ఇంట్ల పుట్టిన పానం. మేమిచ్చినంక నువు సంపినా మేం సంపినట్టే గద?"

"చెల్లె, ఇన్నేండ్లసంది ఎతుకుతాన. నా కండ్లు పోతానయి."

అమ్మ మనసు కరగలేదని కాదు. కరిగిన దానికి ఎటు పారాలో తెలియలేదు. జల్లెడ మీది చెయ్యి తీయకుండానే అడిగింది. "దాని ఆయుస్సు ఎంత?"

"రెక్కలొచ్చినంక ఎంత? ఓ నెల, అంతే."

"అయితె అదే పోతది. పోయినంక తీస్కపో. అందాక నేను సాకుత."

"బతికినన్ని దినాలు కాళ్లు ఇరుగుతయి, మీసాలు ఇరుగుతయి, చారలు రాలుతయి. కలకత్తోళ్లకు నిండుగ ఉన్నదే కావాలె."

"నా మోకాళ్లు పోయినయి, నీ కండ్లు పోయినయి. మనల ఎవలన్న పారేసిండ్రా?"

ఆయన బిరడా సీసాను మళ్లీ కోటు జేబులో వేసుకున్నాడు. కందిలి చిమ్నీకి రెండు వైపులా పలుచటి గుడ్డ కట్టి, లోపల మద్ది బెరడు ముక్క పెట్టి, పురుగును అందులో ఉంచారు. అమ్మ రోజూ దూదిని బెల్లం నీళ్లలో తడిపి అందించేది. మా ఆవిడకు చేసిన కషాయం పురుగుకు పోయలేదని మాత్రం నేను సాక్ష్యం చెప్పగలను.

ఇక చూడండి, రేంజరు సాబ్ రోజూ టాంగా కట్టించుకుని పరామర్శకు వచ్చేవాడు.

"ఎట్లున్నది చెల్లె?"

"మంచిగున్నదన్నా. పొద్దుగాల సుత తిన్నది."

"అట్లనా" అని నిట్టూర్చేవాడు. మా ఆవిడ ఎట్లున్నదని అడిగి, బాగుందంటే మనస్ఫూర్తిగా సంతోషించేవాడు. పురుగు బాగుందంటే ముఖం వాడిపోయేది. ఒకే గుమ్మంలో ఒకే నోటితో రెండు క్షేమసమాచారాలు, రెండు రకాల ముఖాలు. ఆయనకే సిగ్గనిపించి ఒకరోజు నాతో అన్నాడు, "ఒకలి సావు కోసం దినాం టాంగ కిరాయి పెట్టుకొని వస్తాన బిడ్డా. ఏం క్రైస్తవున్ని నేను?"

ఆ వారంలోనే అదే గుంజలోంచి రెండోది బయటపడింది. ఇది లేత గోధుమ రంగుది. చారలు లేవు. మీసాలు ఒంటికన్నా పొడుగు, వెనక్కి వంపు తిరిగి. నాకైతే వాటిని చూసి అసూయ కలిగింది. రేంజరు సాబ్ ఒక్కసారి చూసి పెదవి విరిచాడు. "ఇది నాకెరికే. శానా దిక్కుల దొరుకుతది, పుస్తకంల ఉన్నది. ఒక్క దుంగల రెండు మూడు జాతులుంటయి. ఇడిచిపెట్టుండ్రి."

విడిచిపెట్టమన్నాడు. బయట వాన దంచుతున్నది. మా అమ్మ దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి, వాన చూసి, వెనక్కి తెచ్చింది. ఆ తర్వాత ఆమె చేసిన పని పురుగుల శాస్త్రం చదివినవాడెవడూ చేయడు. వేరు వేరు జాతులను ఒక సీసాలో వేస్తే కాళ్లూ మీసాలూ కొరుక్కుంటాయన్నది ఆ చదువులో మొదటి పాఠం. అమ్మ చిమ్నీ గుడ్డ విప్పి మీసాలవాణ్ణి లోపలికి వదిలింది. "ఒక్కతే ఉన్నది పాపం. తోడుంటది" అనుకుందట. ఆ రెండిటి ఇంటిపేరు ఒక్కటేనని రేంజరు సాబ్ నాతో అన్న మాట, ఆ రాత్రి అన్నం తింటూ అమ్మకు చెప్పాను.

మర్నాడు పొద్దున చూస్తే చిమ్నీ మీద అమ్మ పాత చీర కప్పి ఉంది. నేను అటు అడుగు వేయబోయాను.

"అటు పోకు" అన్నది అమ్మ.

"ఎందుకు? చచ్చిందా?"

"సావలే. నీకెందుకు, దుకాణానికి పో."

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని సంగతి చెప్పింది. అప్పుడు అమ్మ నన్నే తగులుకుంది. "రెండిటి ఇంటిపేరు ఒక్కటే అని చెప్పినవ్ గదరా? ఒక్క ఇంటిపేరోళ్లు అన్నసెల్లెండ్లు గాదా? థూ, ఇదేం కులం!"

రేంజరు సాబ్‌కు ఈ వార్త ఏ మాటలతో చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. పెద్దాయన ముందు ఆ మాట ఎలా అనడం?

"సాబ్, మా అమ్మ ఆ మీసాలదాన్ని కూడా చిమ్నీలో వేసింది."

"అయ్యో! కొరుక్కున్నయా?"

"కొరుక్కోలేదు."

"మరి?"

"కలిసి... మెలిసి ఉన్నాయి."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. నాకంటే ముందే ఆయనకు అర్థమైంది. ఆయన దాచుకున్నది కొత్త జాతి కాకపోవచ్చు. పుస్తకంలో ఎప్పుడో ఎక్కిన మీసాలవాడి పెండ్లాం కావచ్చు. పుస్తకం రాసినాయన మగవాటినే చూసి పేరు పెట్టి ఊరుకున్నాడేమో. ఆడది ఇంత వేరుగా ఉంటుందని ఎవరికి తెలుసు? ఎవరూ రెంటినీ బతికుండగా ఒకచోట ఉంచలేదు గదా. కనబడగానే చంపి, గుచ్చి, వేరు వేరు పెట్టెల్లో పెట్టారు.

"ఒక్కోపారి వేరే జాతితోని గూడ గడబిడల కలుస్తయి" అన్నాడు చివరికి. "గుడ్లు పెట్టనియ్యి. పిల్లలైతె ఒక జాతి. గాకపోతె నాది నాకే."

అట్లా మా ఇంట్లో ఇంకో ఎదురుచూపు మొదలైంది. పుట్టబోయే బిడ్డ కోసం ఇంటిల్లిపాదీ మొక్కుకుంటున్నారు. ఒక్క ముసలాయన మాత్రం కొన్ని గుడ్లు గొడ్డుపోవాలని కోరుకుంటున్నాడు. ఆ కోరికతో మా ఆవిడ చేతి మంచినీళ్లు తాగడానికి కూడా ఆయన సంకోచించడం చూశాను.

బెరడు పగుళ్లలో గుడ్లు కనబడ్డాయి. కొన్నాళ్లకు ఆయన భూతద్దంతో వంగి చాలాసేపు చూసి, నిటారుగా లేచి, కళ్లు తుడుచుకున్నాడు. "నాకు తెల్లగ మసక తప్ప ఏం కనవడ్తలేదు. నువు చూసి చెప్పు బిడ్డా" అని భూతద్దం మా ఆవిడకిచ్చాడు. నాకివ్వలేదు. నేను ఆయన మీది ప్రేమ కొద్దీ అబద్ధం చెబుతానని అనుకున్నాడేమో. అనుకుంటే సరిగ్గానే అనుకున్నాడు.

ఆమె వంగలేక వంగి చూసింది.

"కదులుతానయి మామా. తెల్లగ, సన్నగ. ఒకటి బెరట్ల దూరుతాంది."

"మంచిగ చూసినవా?"

"చూసిన మామా."

అమ్మకు విషయం పూర్తిగా తెలియకపోయినా, తను చేసిన పనే దేన్నో చెడగొట్టిందని తోచింది. "నేను తోడుకని ఏసిన అన్నా. ఒక్క ఇంటిపేరని నాకు ముందుగాల ఎరుకలేకపాయె" అన్నది బిక్కముఖంతో.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఇంటిపేరే గాదు చెల్లె, పేరు సుత ఒక్కటే. మొగుడూ పెండ్లాం."

రెండు పురుగులూ వానలు వెనకబట్టేలోగా, ఒకదాని వెనుక ఒకటి వాటంతట అవే పోయాయి. ఆడదానికి ఒక మీసం, రెండు కాళ్ల కొసలు విరిగి ఉన్నాయి. అమ్మ వాటిని దూదిలో చుట్టి ఇచ్చింది. పిల్లలున్న బెరడును ఆయన పెరట్లోని మద్ది మొద్దుకు ఆనించి పెట్టాము.

ఆయనకు సూది ఎక్కడ గుచ్చాలో కనిపించలేదు. నేను గుచ్చాను, కుడి పెంకుకే. తలగడ పక్కన ఉండే పెట్టె తెరిపించి, ఏటూరునాగారం పురుగు పక్కన ఈ జంటను పెట్టమన్నాడు. తర్వాత వేళ్లతో తడుముకుంటూ పెట్టె మూలనున్న ఆ పేరు చీటీని తీశాడు.

"సాబ్, మొదటి రోజే సీసాలో వేసి ఉంటే కలకత్తాకు రెండు పోయేవి. పేరు అచ్చయ్యేది" అన్నాను. ఓదార్పు అనుకుని అన్నాను. నాకు ఓదార్చడం కూడా మెట్రిక్ లాగే.

"అచ్చయ్యేది. ఎన్నడో ఒకనాడు ఎవడో వచ్చి, ఇది తప్పుపేరని ఆమె పేరు కొట్టేసేటోడు. గది నేను చూసేటోన్ని గాదు, గని కొట్టేసేటోడు." చీటీని బైబిలు ఉన్న జేబులో వేసుకున్నాడు. "ఇగ ఆమెకు పురుగుల పీడ పోయింది."

అని నవ్వాడు. కంట్లోంచి కారింది మోతిబిందు నీళ్లన్నాడు.

జంటకు కొత్త చీటీ నా చేత రాయించాడు. ఊరు, వరంగల్. దొరికింది, మద్ది మంచం గుంజలో. 'పట్టినవారు' అని ఉన్న చోట నేను నా పేరు రాయడానికి కలం వంచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, మా అమ్మ పేరు చెప్పాడు.

పెట్టెను అమ్మకు చూపించడానికి ఆయనే స్వయంగా తెచ్చాడు. ఆమెకు చదువు రాదు. చీటీ మీద ఏముందని అడిగింది. చెప్పాను.

"నా పేరా? పురుగుకా?" అమ్మ గట్టిగా అరిచింది. "సిగ్గులేదా అన్నా? నలుగురు చూస్తె ఏమనుకుంటరు? తియ్యి, ముందు తియ్యి!"

ఆయన తియ్యలేదు. మా వాకిట్లో, అప్పుడు కర్ కర్ కోసం మంచం గుంజకు చెవి ఆనించినప్పటిలాగే, తల కొంచెం పక్కకు వంచి, అమ్మ తిడుతున్నంతసేపూ వింటూ కూర్చున్నాడు.